ఎక్కడ ఆగావ్?

ఇంటర్‌లో బిట్లు టకటకా చేసేసిన పిల్లలే ఇంజినీరింగ్ మొదటి సెమిస్టర్‌లో బిక్కమొహం వేస్తుంటారు. కాలిక్యులస్, ఫిజిక్స్, ప్రోగ్రామింగ్... మూడూ ఒకేసారి మీదపడతాయి. నాలుగు ఆప్షన్లలో ఒకటి ఎంచుకుంటే ఇక్కడ చాలదు, మొదటి మెట్టు నుంచీ రాయాలి. దాంతో పక్కవాడి అసైన్‌మెంట్‌ని దించేయడం మొదలవుతుంది. ఇప్పుడైతే ఏఐని అడిగితే జవాబు క్షణాల్లో ప్రత్యక్షం! కానీ పరీక్ష హాల్లో పక్కవాడు చూపించడు, ఫోనూ ఉండదు.

అలాగని సాయం అడగడం తప్పేం కాదు. అమెరికాలో సల్మాన్ ఖాన్ 2004లో వేరే ఊళ్లో ఉన్న బంధువుల అమ్మాయికి ఫోన్లో లెక్కలు చెప్పారు. 2006 నుంచి ఆ పాఠాలను యూట్యూబ్‌లో పెట్టారు. అర్థంకాని చోట ఎన్నిసార్లు వెనక్కి తిప్పినా విసుక్కునేవారు ఉండరు కదా, పిల్లలకు అదే నచ్చింది. అలా పుట్టిందే ఖాన్ అకాడమీ. మన ఐఐటీలు, బెంగళూరు ఐఐఎస్‌సీ కలిసి 2003లో మొదలుపెట్టిన ఎన్‌పీటెల్‌లోనూ ఈ సబ్జెక్టుల వీడియో పాఠాలను ఉచితంగా చూడొచ్చు.

అయితే అడగాల్సింది జవాబు కాదు, తాము ఎక్కడ ఆగిపోయామన్నది. ప్రోగ్రామర్లకు ఓ చిట్కా ఉంది. ప్రోగ్రామ్ మొరాయిస్తే బల్లమీద బొమ్మబాతుని పెట్టుకుని, ఒక్కో లైనూ ఏం చేస్తుందో దానికి వివరిస్తారు. చెబుతుండగానే తప్పు దొరికిపోతుంది!

ఇంట్లో బాతు ఎందుకు, అమ్మ ఉందిగా! ఆమెకు కోడింగ్ రాకపోయినా ఫర్వాలేదు. 'ఎన్ని మార్కులొచ్చాయ్' అనే బదులు 'ఎక్కడ ఆగావ్, చెప్పు' అని పక్కన కూర్చుంటే చాలు.