వలకును ఆయువుండవలెను

వేకువజామున మన సముద్రతీరమునకు పోయి చూచినచో, జాలరులు ఇసుకపై కూర్చుండి చినిగిన వలలను బాగుచేసికొనుచుండుట కనబడును. వారి కుటుంబములకు అన్నము పెట్టునది ఆ వలయే. అట్టి వల నడిసముద్రమున తప్పిపోయినచో, పిమ్మట దాని గతి యేమగునో ఆలోచించువారు మనలో కొద్దిమందియే.

పూర్వము వలలను నూలుతోను, జనపనారతోను అల్లెడివారు. ఉప్పునీటిలో అవి త్వరగా చివికిపోవును. కావున వానిని చెట్లబెరడు కషాయములో ముంచి, ఎండబెట్టి, కొంతకాలము కాపాడుకొనెడివారు. 1935వ సంవత్సరమున అమెరికా దేశమందు వాలెస్ కరోథర్స్ అను రసాయన శాస్త్రజ్ఞుడు నైలానును కనిపెట్టెను. రెండవ ప్రపంచయుద్ధానంతరము నైలాను వలలు దేశదేశములకు వ్యాపించినవి. అవి తేలికయైనవి, గట్టివి, నీటిలో కుళ్ళవు. జాలరికి శ్రమ తగ్గినది, చేపల రాబడి పెరిగినది. ఆ మేలును మనము మరువరాదు.

కాని యీ కుళ్ళని గుణమే కీడునకును మూలమైనది. తుఫానులో తెగిపోయిన వల, బండరాళ్ళకు చిక్కుకొన్న వల, యజమాని లేకున్నను వేటాడుచునే యుండును. అందు చేపలు చిక్కి చచ్చును. వానిని తినవచ్చిన పీతలును చిక్కును. ఏటేట గ్రుడ్లు పెట్టుటకు మన తీరమునకు వచ్చు సముద్రపు తాబేళ్ళు అట్టి వలలలో తగుల్కొని, గాలి పీల్చుటకు పైకి రాజాలక ప్రాణములు విడుచును. ఈ వేటవలన తినువాడు లేడు, అమ్ముకొనువాడు లేడు. తుదకు ఆ వల ఎండకును, అలల రాపిడికిని పొడిపొడియైనను నశింపదు. ఆ రేణువులు చేపల కడుపులలోనికి చేరును.

దీనికి విరుగుడుగా దక్షిణ కొరియా శాస్త్రజ్ఞులు పాలిబ్యూటిలీన్ సక్సినేట్ అను ప్లాస్టిక్కుతో వలలను తయారుచేసిరి. ఇట్టి వల సుమారు రెండేండ్లు సముద్రములో ఉన్న పిమ్మట శిథిలమగుట మొదలిడును. సూక్ష్మజీవులు దానిని క్రమముగా తిని, నీరుగను బొగ్గుపులుసు వాయువుగను మార్చును.

ఇది విని కొందరు, “ఇక చింత యేల? పారవేసినను సముద్రమే జీర్ణించుకొనును” అని తలంతురు. ఈ తలంపు ప్రమాదకరము. జీవశైథిల్యము చెందునని పేరు పెట్టిన ప్లాస్టిక్కులలో కొన్ని, ఎరువుల కర్మాగారములోని వేడిమి యున్నగాని కరగవు. చల్లని లోతునీటిలో అంతటి వేడి యెక్కడిది? ఇట్టి పేర్లు చూచి ప్రజలు మరింత చెత్తను పారవేయవచ్చునని ఐక్యరాజ్యసమితి పర్యావరణ సంస్థ 2015లో హెచ్చరించినది. కావున పాతబడిన వలను ఒడ్డునకు తెచ్చి అప్పగించుటయే మొదటి ధర్మము. ఎంత జాగ్రత్తపడినను పోవు వలలకు మాత్రమే ఈ క్రొత్త దారము శరణ్యము.

మరియొక చిక్కు కలదు. నార్వే దేశమున జరిపిన పరీక్షలలో ఈ వలలకు నైలాను వలలకన్న తక్కువ చేపలు పడినవి. తక్కువ చేపలు పట్టు వలను ఎక్కువ ధరకు కొనుమని పేద జాలరిని నిర్బంధించుట న్యాయమా? సముద్రము అందరిది, దానిని కాపాడు ఖర్చును ఒక్కని నెత్తిపై మోపరాదు. కొరియా ప్రభుత్వము ధరలోని భారమును కొంత తాను మోసి ఈ వలలను జాలరులకు అందించినది. ఇది అనుసరింపదగిన మార్గము.

అంతవరకు చేతులు ముడుచుకొని కూర్చుండ నక్కరలేదు. అమెరికాలోని అలాస్కా రాష్ట్రమున పీతలు పట్టు బోనులలో ఒక ద్వారమును నూలుదారముతో కుట్టవలెనని చట్టము కలదు. బోను పోయినచో, కొంతకాలమునకు దారము చివికి ద్వారము తెరచుకొనును. లోని పీతలు బయటపడును. మన తాతలు దోషమని యెంచిన నూలు గుణమే అక్కడ ప్రాణరక్షణ చేయుచున్నది!

విద్యార్థులారా! ఎంతకాలము మన్నునని మాత్రమే అడిగి వస్తువును చేయుట ఇంతవరకు మనకు అలవాటు. దాని పని తీరిన పిదప అది ఏమగునని కూడ అడుగుట నేర్వవలెను. మనిషి చేతినుండి జారిపోయిన వల, మనిషి మరచిపోయిన పిమ్మటకూడ చంపుచుండుట తగదు.