అడిగి లోపలికి రానిచ్చే యంత్రం

సావనీరుకు ఏదైనా రాయమని మన యూనియన్ సెక్రటరీ వెంటబడ్డాడు. ప్రేమ మీదా నిరుద్యోగం మీదా రాసేవాళ్ళు చాలామంది వున్నారు గదా, నేను కంప్యూటర్ల మీద రాస్తానన్నాను. మొహం అదోలా పెట్టాడు. అయినా రాస్తున్నాను.

నిరుడు నా రూమ్మేటు లెక్కల సాఫ్ట్‌వేరు కొనే తాహతు లేక, యెవరో ఇచ్చిన దొంగ కాపీ యెక్కించాడు. మర్నాటికి సెమినారు రిపోర్టుతో సహా ఏ ఫైలూ తెరుచుకోలేదు. వున్న ఒక్క పెన్‌డ్రైవూ దానికే గుచ్చి వుంది. అందరం వాణ్ణి తిట్టినవాళ్ళమే. కాని తప్పు వాడొక్కడిదేనా? యెక్కడ పుట్టిందో తెలియని ప్రోగ్రామును ఇంట్లోకి పిలవడం మనందరి అలవాటు కాదూ?

ఆ కంప్యూటర్లో మా సీనియర్ ఒకాయన లినక్స్ మింట్ వేసి ఇచ్చాడు. “అన్నా, లెక్కల ప్రోగ్రాం యెక్కడ వెతకాలి?” అన్నాడు మావాడు. “యెక్కడికీ పోవద్దురా, దీన్నే అడుగు” అని ‘సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ ఆక్టేవ్’ అని కొట్టించాడు. దానితోపాటు ఇంకా ఏమేం కావాలో, డిస్కులో యెంత చోటు పడుతుందో చెప్పి, సరేనా అని అడిగి, అప్పుడు తెచ్చుకొంది. నల్లతెర అంటే భయపడేవాళ్ళకు బొమ్మలతో సాఫ్ట్‌వేర్ మేనేజర్ కూడా వుంది.

1993లో మొదలైన డెబియన్ వాళ్ళ ప్రతిభ ఇది. పులుసు పెట్టమంటే చింతపండు దగ్గర్నుంచి పోపుగింజల దాకా చూసుకొనే వంటమనిషి లాంటిది ఆప్ట్. ఒక ప్రోగ్రాము ఏ ఏ ప్రోగ్రాముల మీద ఆధారపడిందో దానికి తెలుసు. సరుకంతా ఒకే భాండారం నుంచి వస్తుంది. ఆ భాండారం జాబితా మీద డిజిటల్ సంతకం వుంటుంది. సంతకం కుదరకపోతే గొడవ చేస్తుంది. డెబియన్ మీద 2004లో ఉబుంటు, ఉబుంటు మీద 2006లో మింట్ వచ్చాయి.

ఉచితం కాబట్టి మంచిదంటారు కొందరు. నాకది పెద్ద విషయం కాదు, దొంగ కాపీ కూడా ఉచితమే! నాకు నచ్చింది 2020లో మింట్ వాళ్ళు చేసిన పని. ఆ యేడు ఉబుంటులో క్రోమియం బ్రౌజరును ఆప్ట్‌తో అడిగితే, వచ్చేది ఖాళీ డొల్ల. అది వెనకనుంచి స్నాప్ అనే వేరే పద్ధతిని యెక్కించి, క్రోమియంను దాని దుకాణం నుంచి తెచ్చేది. మనం అడిగింది ఒకటి, జరిగింది ఇంకొకటి. మింట్ వాళ్ళు స్నాప్ దానంతటది రాకుండా గడియ పెట్టారు. కావాలన్నవాడు ఒక చిన్న ఫైలు తీసేసి గడియ తీసుకోవచ్చు. తర్వాత క్రోమియంను తామే కట్టి భాండారంలో పెట్టారు. స్నాప్ మంచిదా చెడ్డదా అన్నది వేరే వాదన. అడక్కుండా తేవడం మాత్రం తప్పే.

మింట్ వాళ్ళు దేవుళ్ళేమీ కాదు. 2016 ఫిబ్రవరిలో వాళ్ళ వెబ్‌సైటులోకే దుండగులు చొరబడి, పాడు చేసిన కాపీకి దారి మళ్ళించారు. దింపుకొన్న ఫైలును సరిచూసుకోవడం అందుకే. ఇంకో ఇబ్బంది: యీ సంచికను కంపోజు చేసే తెలుగు డి.టి.పి. ప్రోగ్రాము మింట్‌లో నడవదు. ఇది కప్పిపుచ్చి మాట్లాడితే రేపు ప్రెస్సువాడే నన్ను నిలదీస్తాడు.

మరి మన ల్యాబు సంగతి? విండోస్ 10కి మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. మన పాత కంప్యూటర్లు విండోస్ 11కి పనికిరావు గనక మూలన పడేద్దామంటున్నారు. మింట్ 22కి రెండు జీబీ మెమరీ వుంటే చాలు, నాలుగుంటే హాయి. మనవాటికి నాలుగున్నాయి. గ్రామీణ ప్రాంతాలనుంచి వచ్చి, సొంత లాప్‌టాప్ లేక ల్యాబు మీదే ఆధారపడిన తమ్ముళ్ళు, చెల్లెళ్ళు యెంతమంది వున్నారో హాస్టళ్ళలో అడిగి చూడండి.

ప్రిన్సిపాల్‌గారికి అర్జీ రాసి సెక్రటరీకి ఇచ్చాను. ముందు రెండు యంత్రాలు చాలు. సరిచూసిన పెన్‌డ్రైవు నా దగ్గర వుంది. శనివారం మధ్యాహ్నం ల్యాబు తాళం ఇప్పిస్తే, చూడదలచిన లెక్చరర్లూ రావచ్చు.