ఐదు కిలోమీటర్ల పరుగు

2024 డిసెంబరులో మా పట్టణంలో జరిగిన ఐదు కిలోమీటర్ల పరుగుకు సంఘ యౌవనస్థులు మమ్మును కూడా లాక్కుపోయారు. ఒక్కరోజైనా అభ్యాసం చేయలేదు. పల్లెలు తిరిగే కాళ్లు చాలవా అనుకున్నాము.

ఈల వేయగానే కుర్రవాళ్లతో సమానంగా పరుగందుకున్నాము. కిలోమీటరు దాటకముందే ఊపిరి అందలేదు, డొక్కలో పోటు పట్టింది. వేగం మితిమీరితే కండరాలు కోరినంత ప్రాణవాయువు అందదు, కాళ్లు బరువెక్కుతాయి. సిగ్గు విడిచి నడిచాము. (ఆ సిగ్గు విడవడమే పరుగుకంటే కష్టమైంది.) కొంగు నడుముకు దోపుకొని వస్తున్న ఒక పెద్దమ్మగారు, "రెండు నిమిషాలు పరుగెత్తండి, ఒక నిమిషం నడవండి అయ్యగారూ" అన్నారు. ఆమెతోపాటే చివరి గీత దాటాము. 1972 ఒలింపిక్స్‌లో పరుగెత్తిన అమెరికా దేశస్థుడు జెఫ్ గాలోవే కూడా ఇలా నడక కలిపి పరుగెత్తడమే నేర్పారని తరువాత చదివాము.

అభ్యాసం లేకుండా బయలుదేరేవారు, పక్కవారితో ఒక వాక్యం పూర్తిగా మాట్లాడగలిగినంత వేగంగానే వెళ్లండి. మాట తెగుతుంటే నడవండి. కొత్త బూట్లు ఆ రోజే తొడగవద్దు. మా మడమ బొబ్బలు వారమైనా మానలేదు. నలభై దాటినవారు, బి.పి., షుగరు ఉన్నవారు ముందుగా డాక్టరుకు చూపించుకోవాలి. మేము చూపించుకోలేదు, అది తప్పే. దారిలో గుండె పట్టేసినట్టున్నా, నొప్పి ఎడమచేతికో దవడకో పాకినా, కళ్లు తిరిగినా అక్కడే ఆగి మనిషిని పిలవండి. పతకం కోసం ఓర్చుకోవద్దు.

మరుసటి పరుగుకు కూడా యౌవనస్థులు మా పేరు ఇచ్చేశారు. ఈసారి ముందే వెళ్లి చూపించుకున్నాము. పై బి.పి. 160 ఉన్నది. డాక్టరుగారు మాత్రలు రాసి, "ఇప్పటికి నడవండి, పరుగు సంగతి తరువాత చూద్దాం" అన్నారు.