రాత్రి అనేది ఒక క్లాసా?

మనకి ఒక సెమ్‌లో జావా చెప్తారు, ఇంకో సెమ్‌లో డీబీఎంఎస్ చెప్తారు. ఆ రెండూ ఎక్కడ కొట్టుకుంటాయో మాత్రం ఎవరూ చెప్పరు. ఈ వేసవిలో మాదాపూర్‌లో ఇంటర్న్‌షిప్ చేస్తే గానీ నాకు తెలీలేదు.

ఉద్యోగుల్ని ఇంటికి దింపే క్యాబుల అప్లికేషన్ అది. సాయంత్రం మైండ్‌స్పేస్ జంక్షన్ దగ్గర ఆ క్యాబుల్ని మీరూ చూసే ఉంటారు. మా చేతికొచ్చిన పాత జావా కోడ్‌లో ట్రిప్ అనే క్లాసు, దాని కింద డ్రాప్, దాని కింద నైట్‌డ్రాప్. నైట్‌డ్రాప్‌కి గార్డు ఉండాలి, చివర్లో దిగే అమ్మాయి ఒంటరిగా ఉండకూడదు కదా. దీన్నంతా హైబర్నేట్‌తో డేటాబేస్‌లో పెట్టాలి.

టేబుల్స్‌కి ఇన్‌హెరిటెన్స్ తెలీదు. అందుకే 2006లో వచ్చిన జేపీఏ మూడు దారులిచ్చింది. మనమేమీ చెప్పకపోతే సింగిల్ టేబుల్: అన్ని క్లాసులూ ఒకే టేబుల్లో, ఏ రో ఏ క్లాసుదో చెప్పే కాలమ్‌తో. మేం అదే పెట్టాం. మామూలు డ్రాప్‌కి గార్డు ఉండడు కాబట్టి ఆ కాలమ్‌ని నాట్ నల్ చేయలేం. టెస్టింగ్‌లో గార్డు లేని నైట్‌డ్రాప్ ఒకటి హాయిగా సేవ్ అయిపోయింది! చెక్ కన్‌స్ట్రెయింట్ రాయొచ్చని తర్వాత టీమ్‌లో సీనియర్ అక్క చెప్పింది, నిజమే. అప్పటికే జాయిన్డ్‌కి మారాం. నైట్‌డ్రాప్‌కి సొంత టేబుల్, అందులో గార్డు తప్పనిసరి. టేబుల్ పర్ క్లాస్ జోలికి పోలేదు.

అసలు తలనొప్పి అప్పుడు మొదలైంది. 7:30 డ్రాప్, మీటింగ్ సాగి 9:30కి మారితే? అది నైట్‌డ్రాప్ అవ్వాలి. కానీ జావాలో ఆబ్జెక్ట్ ఏ క్లాసులో పుడితే ఆ క్లాసే, హైబర్నేట్ కూడా మార్చనివ్వదు. పాతది డిలీట్ చేసి కొత్తది పెట్టాం. ఐడీ మారింది, డ్రైవర్ ఫోన్‌లో మాత్రం పాత ఐడీయే ఉంది.

మూడింట్లో ఏది మంచిదని వైవాలో అడుగుతుంటారు. నన్నడిగితే అది రెండో ప్రశ్న. ఈ తేడా పుట్టుకతో వచ్చిందా, రేపు మారేదా అన్నది మొదటిది. క్యాబ్, బస్సు అంటే సరే, క్యాబ్ ఎప్పటికీ బస్సు అవదు. రాత్రి అంటే టైము. టైముకి క్లాసెందుకు?

నైట్‌డ్రాప్‌ని తీసేశాం. ట్రిప్ ఒకటే, గార్డు కేటాయింపుకి పక్కన వేరే టేబుల్. టైము మారిన ప్రతిసారీ గార్డు కావాలా అని చూసే రూలు ఒకే చోట. ఇది మొదటి రోజే చేయొచ్చు, పెద్దవాళ్ళు రాసిన కోడ్ కదా అని నాలుగు రోజులు ముట్టుకోలేదు. డిలీట్ చేసేటప్పుడు కూడా తిడతారేమోనని భయమే. ఎవరూ తిట్టలేదు. అక్క ఒక్క కామెంట్ పెట్టింది: "గార్డు ఎక్కకుండా ట్రిప్ స్టార్ట్ అవ్వనివ్వకండి."

అది ఇంకా రాయాలి.