ఇంగ్లీషు మాత్రను మధ్యలో మానవచ్చునా?

మూత్రంలో మంట, మాటిమాటికీ వెళ్ళవలసి రావడం, పొత్తికడుపులో నొప్పి. ఈ బాధలతో నా వద్దకు వచ్చే సోదరీమణులలో పలువురు అడిగే ప్రశ్న ఒక్కటే: “డాక్టరుగారు యాంటీబయోటిక్ వ్రాశారండీ. వేడి చేస్తుందంటున్నారు. అది మాని మీ కషాయం వాడవచ్చునా?” ఆయుర్వేద వైద్యుడను గనుక నేను “నిక్షేపంగా మానండి” అంటానని వారి ఆశ. నేను అనను.

ఒకప్పుడు అన్నాను. చాలా ఏళ్ళ క్రిందట ఒక ఉపాధ్యాయిని వచ్చారు. అయిదు రోజులు వాడవలసిన మాత్రలను మూడు రోజులు వాడేసరికి మంట తగ్గింది. మిగిలినవి మానవచ్చునా అని అడిగితే సరే అని, చంద్రప్రభావటి, ధనియాల కషాయం ఇచ్చి పంపాను. పది రోజులకు చలితో వణికించే జ్వరం, నడుము ప్రక్కన పోటు. వ్యాధి మూత్రపిండానికి ఎక్కింది. వారం రోజులు ఆసుపత్రిలో సూదిమందులు పడ్డాయి. ఆమె నన్ను పల్లెత్తు మాట అనలేదు. తప్పు మాత్రం నాదే.

చరకుడు మూత్రకృచ్ఛ్రాన్ని ఎనిమిది విధాలుగా చెప్పాడు. వస్తిని హృదయ శిరస్సులతో పాటు మూడు ప్రధాన మర్మాలలో చేర్చాడు. అంతటి స్థానంలోని వ్యాధిని మంట తగ్గగానే తీరిపోయిందనుకొనడం శాస్త్రం కాదు. గురుకులంలో మా గురువుగారు రోగి మూత్రంలో తైలబిందువు వేసి, అది వ్యాపించే తీరు చూచిన తరువాత గాని మందు చెప్పేవారు కారు. నేడు కల్చర్ పరీక్ష ఉన్నది. ఏ సూక్ష్మజీవి చేరినదో, అది ఏ మందుకు లొంగుతుందో తెలుపుతుంది. వ్యాధి పదేపదే వచ్చేవారు, గర్భిణులు, పురుషులు మాత్ర మ్రింగక ముందే ఈ పరీక్ష చేయించుకొనవలెను.

మూత్రాశయ వ్యాధికి వైద్యులు తరచుగా వ్రాసే నైట్రోఫ్యూరాంటాయిన్ 1953 నుండి వాడుకలో ఉన్నది. అది రక్తంలో ఎక్కువగా నిలువక, త్వరగా మూత్రంలోకి చేరుతుంది. అందుచేత మూత్రాశయానికి చక్కగా పనిచేస్తుంది. మూత్రపిండానికి వ్యాధి ఎక్కితే చాలదు. సాధారణంగా నెమ్మదిగా కరిగే 100 మిల్లీగ్రాముల క్యాప్సూల్ రోజుకు రెండు పూటలా అయిదు రోజులు ఇస్తారు. దీనికీ అనుపానం కలదు: భోజనంతో పాటు పుచ్చుకొనాలి. మూత్రం ముదురు పసుపు లేక గోధుమ వన్నెకు మారితే అది “వేడి” కాదు, మందు రంగు. మంటకని వంటసోడా నీళ్ళు త్రాగితే మందు బలం తగ్గుతుంది. మూత్రపిండాలు బలహీనమైనవారికి, జి6పిడి లోపం ఉన్నవారికి, నెలలు నిండిన గర్భిణులకు ఇది తగదు. పొరుగింటివారి మిగులు మాత్రలు వాడడమన్నది మాట్లాడనే కూడదు.

ఇక నివారణ. ఆరు నెలలలో రెండుసార్లు, లేక సంవత్సరంలో మూడుసార్లు వ్యాధి వచ్చేవారికి ఇదే మందును రాత్రిపూట 50 లేక 100 మిల్లీగ్రాములు కొన్ని నెలల పాటు ఇచ్చే పద్ధతి ఉన్నది. దానిని నేను ఆక్షేపించను. అయితే అది మొదటి మెట్టు కారాదని నా అభిప్రాయం. దీర్ఘకాలం వాడితే అరుదుగా ఊపిరితిత్తులకు, కాలేయానికి, నరాలకు హాని కలుగవచ్చును. పొడిదగ్గు, ఆయాసం, కళ్ళు పచ్చబడడం, కాళ్ళ తిమ్మిర్లు కనిపిస్తే వెంటనే ఆపి డాక్టరుగారికి చూపాలి. ముట్లుడిగిన స్త్రీలకు ఈస్ట్రోజెన్ లేపనం మేలు చేస్తుంది, సిగ్గుపడక అడగండి.

మొదటి మెట్టు నీరు. 2018లో ప్రచురితమైన ఒక పరిశోధనలో, నీరు తక్కువ త్రాగే అలవాటుండి ఈ వ్యాధి తరచు వచ్చే 140 మంది స్త్రీలలో సగం మందిచేత రోజుకు అదనంగా లీటరున్నర నీరు త్రాగించారు. సంవత్సరంలో వారికి సగటున 1.7 సార్లు వ్యాధి వస్తే, తక్కినవారికి 3.2 సార్లు వచ్చింది. బార్లీ జావ, రాత్రి నానబెట్టి వడగట్టిన ధనియాల నీరు ఈ లెక్కలోనివే. మాత్రలతో పాటు త్రాగండి, మాత్రలకు బదులుగా కాదు. గుండె, మూత్రపిండాల రోగులు మాత్రం నీటి కొలతను తమ వైద్యుని అడిగి తెలుసుకొనాలి.

మూత్రవేగాన్ని ఆపరాదని చరకుడు చెప్పనే చెప్పాడు. ఆ ఉపాధ్యాయిని కోలుకొన్న తరువాత అడిగితే తెలిసింది: బడిలో మరుగుదొడ్డికి గడియ లేదట, అందుకని ఉదయం నుండి సాయంత్రం దాకా ఆమె గుక్కెడు నీరైనా త్రాగేవారు కారట. ఆ సంగతి నేను మొదటిరోజే అడిగి ఉండవలసినది.