వనభోజనం ఆలస్యమైతే

కార్తీకమాసం వచ్చిందంటే మా ఆసుపత్రిలో తప్పకుండా వినిపించే ప్రశ్న ఒకటుంది. "డాక్టరుగారూ, సోమవారాలు ఉపవాసం ఉంటాను. చక్కెర మాత్ర వేసుకోమంటారా, మానేయమంటారా?" ఈ ప్రశ్నకు ఎన్నో ఏళ్లుగా జవాబు చెబుతూనే ఉన్నాను. అయినా కిందటి కార్తీకంలో మైపాడు ఒడ్డున నా స్నేహితుడి విషయంలో ఆ జవాబు నాకే వేళకు తట్టలేదు. దాచుకోవలసిన సంగతి కాదు కనుక చెబుతున్నాను.

నెల్లూరుకు మైపాడు పాతిక కిలోమీటర్ల దూరం. మా వీధిలోని పదిపన్నెండు కుటుంబాలం ఓ ఆదివారం సరుగుడు తోటలో వనభోజనం పెట్టుకున్నాం. ఉసిరిచెట్టు కింద తినాలంటారు గాని సముద్రపు ఒడ్డున ఉసిరిచెట్టు ఎక్కడ దొరుకుతుంది? ఇంటినుంచే ఒక కొమ్మ తెచ్చి బకెట్లో నిలబెట్టారు ఆడవాళ్లు. నెల్లూరుకు అసలు వానలు ఈశాన్య రుతుపవనాలతోనే గదా! ముందురోజు రాత్రి పడిన వానకు కట్టెలు తడిసి పొయ్యి రాజుకోలేదు. పన్నెండుకు తినాల్సిన భోజనం రెండు దాటుతుందని తేలిపోయింది. సముద్రం మంచి పోటుమీద ఉంది. పిల్లల్ని నీళ్లలోకి దిగనివ్వలేదు.

అందుకని కాలేజీ పిల్లలు ఒక ఆట పెట్టారు. ట్రెజర్ హంట్ అట. ఒక చీటీలో పొడుపుకథ ఉంటుంది. దాన్ని విప్పితే రెండో చీటీ ఎక్కడ దాచారో తెలుస్తుంది. అలా ఎనిమిది చీటీలు దాటితే బహుమానం. ఇలాంటిదే సెల్‌ఫోన్లతో ఆడే ఆట ఒకటి ప్రపంచమంతా ఉంది. 2000 మే నెలలో అమెరికా ప్రభుత్వం ఉపగ్రహ సంకేతాలను పూర్తి కచ్చితత్వంతో అందరికీ అందుబాటులోకి తెస్తే, రెండు మూడు రోజుల్లోనే ఒరెగాన్‌లో డేవ్ అల్మర్ అనే ఆయన అడవిలో ఒక బకెట్ దాచి, కనుక్కోండి చూద్దామన్నాడు. అక్కడ మొదలైంది. మా పిల్లలకు ఉపగ్రహంతో పని పడలేదు, తెల్లకాగితాలు చాలాయి.

ఇద్దరిద్దరు ఒక జట్టు. నా జట్టువాడు చిన్నప్పుడు నాతో ఒకే బెంచీమీద కూర్చున్నవాడు. యాభై ఏడేళ్లు. వారపత్రిక వస్తే పదబంధ ప్రహేళిక పూర్తిచేసిగాని కాఫీ ముట్టని మనిషి. పదేళ్లుగా చక్కెర జబ్బు ఉంది. మెట్‌ఫార్మిన్, గ్లిమిపెరైడ్ వాడుతున్నాడు. రక్తపోటుకు అటెనోలాల్.

మొదటి మూడు చీటీలు వాడే విప్పాడు. నేను వెంట నడిచానంతే. నాలుగో చీటీలో ఇలా ఉంది: "కాళ్లు లేకుండా ఒడ్డెక్కింది, బోర్లా పడుకుని ఎండకు ఆరుతోంది." ఇరవై అడుగుల దూరంలో పడవ బోర్లించి ఉంది. వాడు చీటీని మూడుసార్లు చదివాడు. తరువాత ఇసకలోకి విసిరికొట్టి, "ఇదేం చెత్త! రాసినవాడికి తెలుగే రాదు" అన్నాడు. నేను నవ్వాను. "ఓడిపోతామని ఉక్రోషం రా నీకు" అన్నాను. చొక్కా తడిసి ముద్దయింది. వానపడ్డ మర్నాటి ఉక్క అనుకున్నాను.

పది అడుగులు వేసి వాడు ఇసకలో చతికిలబడ్డాడు. "మనం ఏ బస్సుకొచ్చాం రా?" అన్నాడు.

మేమొచ్చింది వాడి కారులో. నడిపింది వాడే.

మెడమీద చెయ్యి వేశాను. చల్లగా, జిగటగా ఉంది. వడదెబ్బ అయితే ఒళ్లు పెనంలా కాలుతుంది. "పొద్దున మాత్రలు వేసుకున్నావా?" "వేసుకున్నా." "ఏం తిన్నావు?" "ఏందిరా, వనభోజనం గదా! కాఫీ తాగా."

రక్తంలో చక్కెర 70 కంటే తగ్గితే తక్కువ కిందే లెక్క. మామూలుగా ఒంట్లో వణుకు, గుండెదడ, ఆకలి, చెమట ముందుగా హెచ్చరిస్తాయి. అటెనోలాల్ వంటి మందులు వాడేవారిలో వణుకు, దడ అంతగా కనిపించకపోవచ్చు. చెమట మాత్రం పోస్తుంది. ఆ చెమటను నేను ఉక్క కింద జమకట్టాను. ఇక మెదడుకు నిమిషనిమిషానికీ చక్కెర కావాలి. అందక పోతే మనిషి విసుక్కుంటాడు, పొంతనలేకుండా మాట్లాడతాడు, తెలిసిన విషయమే తెలియనట్టు చూస్తాడు. తాగినవాడనీ, ముసలితనమనీ ఇంట్లోవాళ్లు పొరబడేది ఇక్కడే. పొడుపుకథలు విప్పడంలో వాడంతటివాడు పడవను గుర్తుపట్టలేకపోవడమే నాకు మొదటి హెచ్చరిక. నేను దాన్ని నవ్వి వదిలేశాను.

ఇసకలో నడకను తక్కువగా చూడకండి. గట్టినేలమీద నడకకంటే రెండింతలకు పైగా శక్తి ఖర్చవుతుంది. తిండి లేదు, మాత్ర పని చేస్తోంది, పైన ఈ నడక. చక్కెర పడిపోక ఏమవుతుంది?

వాడి కొడుకు పరుగున వచ్చి జేబులోంచి చాక్లెట్ తీశాడు. వద్దన్నాను. చాక్లెట్‌లోని కొవ్వువల్ల చక్కెర ఒంటికి పట్టడం ఆలస్యమవుతుంది. వేరుశనగ ఉండ కూడా అంతే. వంటవాళ్ల దగ్గరనుంచి పంచదార తెప్పించి, మూడు చెంచాలు అరగ్లాసు నీళ్లలో కలిపి తాగించాను. 15 నిమిషాలు ఆగి చూడాలి, తేడా లేకపోతే మళ్లీ అంతే ఇవ్వాలి. చక్కెర పరీక్షించే మీటరు వాడు ఇంట్లో వదిలేసి వచ్చాడు. నేనూ తేలేదు. చేతిలో మీటరు లేనప్పుడు అనుమానం వస్తే చాలు, చక్కెర ఇచ్చేయండి. తక్కువై ఉంటే ప్రాణం నిలుస్తుంది, ఎక్కువై ఉంటే ఆ మూడు చెంచాలతో మునిగిపోయేదేమీ లేదు. వేరే కుటుంబంలో ఒకావిడ సంచీలో మీటరు దొరికేసరికి ఇరవై నిమిషాలైంది. అప్పుడు చూస్తే 74. అప్పటికే వాడు పడవవైపు చూసి, "అదేగదరా!" అన్నాడు.

అక్కడితో అయిపోలేదు. గ్లిమిపెరైడ్, గ్లిబెన్‌క్లమైడ్ జాతి మాత్రల ప్రభావం చాలా గంటలు ఉంటుంది. చక్కెర నీళ్లతో లేచి కూర్చున్న మనిషి రెండు గంటల్లో మళ్లీ పడిపోవచ్చు. అందుకని వెంటనే దద్దోజనం తినిపించాం. తిరుగుప్రయాణంలో కారు కొడుకు నడిపాడు. ఆ రాత్రి రెండుసార్లు పరీక్ష చేయించాను. మనిషి స్పృహలో లేకపోతే మాత్రం నోట్లో ఏమీ పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయండి.

రాత్రి ఇంకొకటి బయటపడింది. కుడి అరికాలిలో ఆల్చిప్ప కోసిన గాటు. చెప్పులు విడిచి ఇసకలో తిరిగినప్పుడు కోసుకుంది, వాడికి తెలియనే లేదు. కాళ్లలో స్పర్శ తగ్గిందన్నమాట. ఆ గాయం మానడానికి మూడు వారాలు పట్టింది. చక్కెర జబ్బు ఉన్నవారు సముద్రపు ఒడ్డున కూడా చెప్పులు విడవకూడదు.

ఇక ఉపవాసం మాట. అన్ని మాత్రలూ ఒకటి కావు. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవారికి ఇలా చక్కెర పడిపోవడం అరుదు. గ్లిమిపెరైడ్ జాతి మాత్ర తిండితోపాటు వేసుకోవలసినది. తిండి లేని పూట ఏం చేయాలో ముందే మీ డాక్టరును అడగాలి. ఇన్సులిన్ వాడేవారు తమంతట తాము మానేయడమూ ప్రమాదమే. మోతాదు ఎంత తగ్గించాలో డాక్టరే చెప్పాలి. నా స్నేహితుడికి వాడి డాక్టరు గ్లిమిపెరైడ్ మాన్పించి మరో మందు రాశాడు. అడగడానికి వెళ్లేటప్పుడు "ఎర్ర మాత్ర, పొద్దున ఒకటి" అని చెప్పకండి. మాత్రల అట్టలు సంచీలో వేసుకుని వెళ్లండి.