ఆడపడుచు ఇంటికి కాలినడకన..

బళ్లారి: ఉగాది దగ్గరపడుతోందంటే చాలు.. బెళగావి, బాగల్‌కోట, విజయపుర, రాయచూరు, బళ్లారి జిల్లాల జనం శ్రీశైలం దారి పడతారు. బస్సులు లేక కాదు. భుజాన సంచి, నోట శివనామం. చాలామంది కాళ్లకు చెప్పులుండవు. మొక్కుకుని మరగాళ్లపై నడిచేవారూ ఉంటారు. కర్నూలు, ఆత్మకూరు దాటి వెంకటాపురం వద్ద నల్లమలలో అడుగుపెడతారు. నాగలూటి, పెచ్చెర్వు, భీముని కొలను మీదుగా కైలాసద్వారం ఎక్కితే కొండకు చేరినట్టే.

ఎందుకింత కష్టం?

మొక్కు ఉందంటే సరిపోయే జవాబు కాదిది. నడిచేవారిలో వీరశైవులు, లింగాయతులు ఎక్కువ. ఇష్టలింగం మెడలోనే ఉన్నవారికి కొండకు వెళ్లాల్సిన పనేమిటన్న ప్రశ్న సహజం. స్థావరం కంటే జంగమం గొప్పదన్నది శరణుల మాట. ఆ లెక్కన నడకే పూజ. గుడి దాని ముగింపు మాత్రమే. 12వ శతాబ్దంలో అక్కమహాదేవి కన్నడ సీమ నుంచి చెన్నమల్లికార్జునుణ్ని వెతుక్కుంటూ ఇటే వచ్చింది. ఈ దారి కష్టాలను, యాత్రికుల భక్తిని పాల్కురికి సోమనాథుడు ‘పండితారాధ్య చరిత్ర’లో పర్వత ప్రకరణంగా చెప్పాడు. 14వ శతాబ్దంలో ప్రోలయ వేమారెడ్డి కొండకు మెట్లు కట్టించాడు.

ఇక రెండో కారణం ఇంటి సంగతి. భ్రమరాంబ కన్నడిగులకు ఆడపడుచు. మల్లన్న అల్లుడు. పండక్కి ఆడపడుచు ఇంటికి ఒట్టి చేతులతో ఎవరు పోతారు? చీర, గాజులు, పసుపు కుంకుమ మోసుకుని వెళ్తారు.

అహం కరిగేది అక్కడే

తొలిరోజు కబుర్లతో గడిచిపోతుంది. తర్వాత అరికాళ్లు బొబ్బలెక్కుతాయి. మాటలు తగ్గుతాయి. ఊళ్లో పది ఎకరాల ఆసామీ అయినా, అతని చేలో పనిచేసే కూలీ అయినా దాహమేస్తే మజ్జిగ గ్లాసు కోసం చెయ్యి చాపాల్సిందే. ఎప్పుడూ ఇచ్చే చెయ్యికి పుచ్చుకోవడం నేర్పేది ఈ నడకే. ఇంట్లో ఎంత జపం చేసినా అది అంత తేలిగ్గా అబ్బదు.

పెట్టేవారి భక్తీ తక్కువేం కాదు. దారి పొడవునా తెలుగు పల్లెల్లో పందిళ్లు వేసి అన్నం, మజ్జిగ అందిస్తారు. అలసిన కాళ్లకు నూనె రాస్తారు. వీరికి కన్నడం రాదు, వారికి తెలుగు రాదు. అయినా పని ఆగదు. రెండు భాషలూ తెలిసిన సరిహద్దు తెలుగువారికి ఇది కొత్త కాదు గానీ, రాష్ట్రాల మధ్య నీళ్ల పేచీలు నడిచే రోజుల్లోనూ ఈ పందిళ్లు లేస్తున్నాయంటే చిన్న విషయం కాదు.

దారి దక్కాలంటే..

అయితే నడక పెరిగే కొద్దీ దాని అర్థం తరిగే ప్రమాదమూ ఉంది. నల్లమల పులుల అభయారణ్యం. అటవీశాఖ ఈ కాలిబాటలో శివరాత్రికి, ఉగాదికి మాత్రమే యాత్రికులను అనుమతిస్తుంది. ఉగాది నాటికి ఆకులు రాలి అడవి ఎండి ఉంటుంది. ఒక్క బీడీ ముక్క చాలు, నిప్పు అంటుకోవడానికి. తాగి పారేసిన సీసాలు, ప్లాస్టిక్ పళ్లేలు వాగుల్లో చేరి జంతువుల నోట పడతాయి. వెంట వచ్చే వాహనం నీళ్లకు, జబ్బుపడిన వారికి అవసరమే. అందులోంచి చెవులు పగిలేలా పాటలు మోగితే మాత్రం నడకలోని మౌనం మిగలదు.

చేయాల్సింది పెద్ద పనేం కాదు. బయల్దేరే ప్రతి బృందం స్టీలు గ్లాసు, పళ్లెం వెంట తీసుకెళ్లాలి. చెత్తను సంచిలో వేసుకుని అడవి దాటించాలి. తెల్లవారుజామున నడిచి ఎండవేళ నీడన ఆగాలి. గుండెజబ్బు, షుగర్ ఉన్నవారు వైద్యుణ్ని అడిగాకే కదలాలి. నడవలేనివారు బస్సులో వెళ్లినా అమ్మవారు కాదనదు.

నల్లమల అంటే ఆ ఆడపడుచు ఇంటి వాకిలే. వాకిలి పాడుచేసి లోపలికెళ్లి సారె పెడితే అది పుట్టింటి మర్యాద అనిపించుకోదు.